గల్ఫ్ స్ట్రీమ్ వేటకని డబ్బు తీసుకుని నది మొగలోనే తిప్పిన ప్యాకేజీపై ఫిర్యాదు

సంస్థ నిర్వాహకులకు,

విషయం: ఫ్లోరిడాలో జాక్సన్‌విల్ దగ్గరి మేపోర్ట్ రేవు నుంచి మే నెలలో మాకు అమ్మిన ఆఫ్‌షోర్ ఫిషింగ్ (తీరానికి దూరంగా, లోతు నీళ్ళలో వేట) ప్యాకేజీ. డబ్బు వాపసు గురించి, ఆరుగురి బోటుకు ఎనిమిది మందిని పంపడం గురించి.

అయ్యా,

ఈ విషయం మీద మీ ఆఫీసుకు ఫోన్ చేశాను, వాట్సాప్‌లో వివరంగా రాశాను. "వాతావరణం మా చేతుల్లో ఉండదు కదా సార్" అన్నారు, తర్వాతి ట్రిప్‌కి వాడుకోమని వంద డాలర్ల కూపన్ పంపారు. అంతకు మించి జవాబు లేదు కాబట్టి ఇప్పుడు ఉత్తరం రాస్తున్నాను. వాతావరణం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. బోటు నడిపిన కెప్టెన్ మీద అసలే లేదు. ఆ రోజు మాతో నిజం మాట్లాడింది ఆయనొక్కడే. నా ఫిర్యాదంతా ఆయన బోటును మాట్లాడి ప్యాకేజీగా మాకు అమ్మిన మీ సంస్థ మీదే.

మీ దగ్గర బుక్ చేయడానికి కారణం మా నాన్నగారు. ఆయన కాకినాడ దగ్గర ఉప్పాడలో చాలా ఏళ్ళు బడిపంతులుగా పనిచేశారు. ఆయన దగ్గర చదువుకున్న పిల్లల్లో చాలామంది వేటకు వెళ్ళే కుటుంబాల వాళ్ళే. క్లాసులో ఎవరు రాలేదో చూసి ఆ రోజు సముద్రం ఎలా ఉందో చెప్పగలిగేవారు. అన్నేళ్ళు ఒడ్డునే ఉండి కూడా లోతు నీళ్ళలోకి ఒక్కసారీ వెళ్ళలేదన్న వెలితి ఆయనకుంది. ఈసారి అమ్మతో కలిసి జాక్సన్‌విల్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు ఆ కోరిక తీరుద్దామనుకున్నాను. తెలుగులో మాట్లాడతారు, పెద్దవాళ్ళకి ఏం కావాలో అర్థం చేసుకుంటారు అని మీ నంబరుకు ఫోన్ చేశాను. నేను అడిగింది ఒక్కటే: గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహం దాకా తీసుకెళ్ళే బోటు కావాలి, ఆకుపచ్చ నీళ్ళు దాటి నీలం నీళ్ళు మొదలయ్యే చోటు నాన్నగారు చూడాలి.

"ష్యూర్ సార్, మే నెల మాహి చేపకి మంచి సీజన్, పది గంటల ట్రిప్" అని మీ ఉద్యోగి చెప్పారు. మాహి సంగతి నిజమే. వసంతం చివర్లో ఆ చేపలు ఫ్లోరిడా ఈశాన్య తీరం బయట గల్ఫ్ స్ట్రీమ్ అంచున, తేలే సముద్రపు నాచు కింద గుంపులుగా తిరుగుతాయి. అయితే ఆ అంచు మేపోర్ట్ నుంచి అరవై మైళ్ళకు పైనే ఉంటుంది. పెద్ద బోటు, రెండు మూడు ఇంజన్లు, వెళ్ళడానికీ రావడానికీ గంటల కొద్దీ ప్రయాణం, ట్యాంకుల కొద్దీ పెట్రోలు కావాలి. 1,800 డాలర్లు తీసుకున్నది అందుకే. ఇన్‌షోర్ వేట వేరు. సెయింట్ జాన్స్ నది మొగలో, జెట్టీ రాళ్ళ పక్కన, ఆల్చిప్పల దిబ్బల మధ్య పాయల్లో సగం రోజు తిరిగి రావడం. అది తక్కువ రకం వేట అని నేను అనను, దాని అందం దానిది. కానీ దాని ఖర్చు మూడో వంతు మాత్రమే. ఒకటి కొన్నవాడికి రెండోది ఇచ్చి పెద్ద దానికే డబ్బు తీసుకోకూడదు.

మొదటి దెబ్బ రేవులోనే తగిలింది. ఇంకా తెల్లవారలేదు. రొయ్యల బోట్లు కట్టి ఉన్నాయి. నేను, నా భార్య, అమ్మ, నాన్నగారు, మా ఐదేళ్ళ బాబు, అట్లాంటా నుంచి రాత్రంతా కారు నడిపి వచ్చిన మా బావమరిది, ఆయన భార్య, వాళ్ళ పాప, మొత్తం ఎనిమిది మందిమి నిలబడ్డాం. కెప్టెన్ టార్చి లైటు మా మీదుగా తిప్పుతూ వేలితో లెక్కపెట్టాడు. ఆరు దగ్గర ఆగాడు. "నేను ఆరుగురిని మాత్రమే ఎక్కించుకోగలను, మీ ఏజెంటుకు రాతపూర్వకంగా చెప్పాను" అన్నాడు.

ఆయన చెప్పింది అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధన. తనిఖీ సర్టిఫికెట్ లేని డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించుకునే ఇలాంటి చార్టర్ బోట్లలో ప్రయాణికులు ఆరుగురికి మించకూడదు. ఎక్కువ మందిని తీసుకెళ్ళాలంటే బోటు తనిఖీ పాసై సర్టిఫికెట్ పొంది ఉండాలి, నడిపేవాడి లైసెన్సు కూడా వేరే స్థాయిది కావాలి. ఈ వ్యాపారంలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతి ఇది. బుక్ చేసేటప్పుడు మనుషుల సంఖ్య, వయసులు అన్నీ మీకు మెసేజ్‌లో పంపాను. "పిల్లలు లెక్కలోకి రారు సార్, ఎనిమిది ఓకే" అని మీరిచ్చిన జవాబు నా ఫోన్‌లో ఉంది, ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను. పిల్లలు లెక్కలోకి వస్తారు. ఐదేళ్ళ పిల్లాడు కూడా నీళ్ళలో పడితే మునిగే మనిషే.

అప్పుడు మీ ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. చివరికి అమ్మ, నా భార్య రేవులోనే ఆగిపోయారు. ఎక్కనని అమ్మే ముందుగా అంది, "మీ నాన్న వెళ్తే చాలు" అని. దేశం కాని దేశంలో, కూర్చోవడానికి నీడ కూడా సరిగా లేని చోట, మధ్యాహ్నం దాకా ఎదురుచూడమని ఆమెకు చెప్పాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధగా ఉంది. మీరు ముందే నిజం చెప్పి ఉంటే రెండు బోట్లు తీసుకునేవాళ్ళం, లేదా సర్టిఫికెట్ ఉన్న పెద్ద బోటు వెతుక్కునేవాళ్ళం.

బోటు ఎక్కాక కెప్టెన్ లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో చూపించాడు, బాబుకు చిన్న సైజు జాకెట్ తొడిగి పట్టీలు తానే బిగించాడు. తర్వాత అసలు విషయం చెప్పాడు. ఆ రోజు బయటికి వెళ్ళడం లేదు. జాక్సన్‌విల్ వాతావరణ కార్యాలయం చిన్న పడవలకు హెచ్చరిక జారీ చేసింది. ఈశాన్యం గాలి గట్టిగా వీస్తోంది. గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహం ఉత్తరానికి పరుగెడుతుంది కాబట్టి దానికి ఎదురుగాలి తగిలితే కెరటాలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి ఊపిరాడకుండా లేస్తాయి. పిల్లలతో, పెద్దాయనతో అక్కడికి వెళ్ళనన్నాడు. నేను నిరాశపడ్డాను కానీ నాన్నగారు వెంటనే, "సరంగు వద్దన్నాక సముద్రంలోకి వెళ్ళకూడదురా, ఆయన మాటే మాట" అన్నారు. నేనూ ఒప్పుకున్నాను. ఆ నిర్ణయం నూటికి నూరు పాళ్ళు సరైనది.

కానీ ఆ తర్వాత కెప్టెన్ అన్న మాట వినండి. ఆ హెచ్చరిక ముందు రోజు మధ్యాహ్నమే వచ్చింది. ఆయన అప్పుడే మీ ఆఫీసుకు ఫోన్ చేసి, ట్రిప్ మరో రోజుకి మార్చుకోమని, అదనపు చార్జీ ఏమీ వద్దని చెప్పాడట. మంచి వాతావరణం ఉండే రెండు తేదీలు కూడా ఇచ్చాడట. ఆ రెండు తేదీల్లోనూ నాన్నగారు ఇక్కడే ఉన్నారు. ఆ కబురు మాకు చేరలేదు. ఆ సాయంత్రం మీ దగ్గర్నుంచి నాకు వచ్చిన మెసేజ్: "రేపు ఆన్ టైమ్ సార్, హ్యాపీ ఫిషింగ్." మా బావమరిది వాళ్ళు అట్లాంటాలో బయలుదేరింది ఆ మెసేజ్ చూసుకునే.

మిగతా పొద్దు కెప్టెన్ తనకు చేతనైనంత చేశాడు, అది కూడా రాయాలి. జెట్టీ రాళ్ళ పక్కన గాలి చాటు చూసి లంగరు వేశాడు. చిన్న పీతలను ఎరగా గుచ్చి రాళ్ళ మొదట్లోకి దింపించాడు. నాన్నగారి గాలానికి షీప్స్‌హెడ్ అనే చేప పడింది. ఒంటి మీద నల్లటి అడ్డచారలు, నోరు తెరిస్తే అచ్చం మనిషి పళ్ళలాంటి పళ్ళు. రాళ్ళకు అంటుకున్న గుల్లల్ని ఆ పళ్ళతోనే కొరుక్కుని తింటుందట. నాన్నగారు దాని పై పెదవి మెల్లగా ఎత్తి బాబుకి చూపించారు. తర్వాత మా బావమరిదికి పెద్ద రెడ్‌ఫిష్ పడింది, తోక దగ్గర నల్లటి చుక్కతో. కెప్టెన్ దాన్ని కొలబద్ద మీద పెట్టి తోక మడిచి కొలిచాడు. ఫ్లోరిడాలో 18 నుంచి 27 అంగుళాల మధ్య ఉన్నవే ఉంచుకోవాలి, ఇది దాటింది. గుడ్లు పెట్టే పెద్ద చేపలు నీళ్ళలో ఉండాలి కదా అంటూ, తలను ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని అది తనంతట తాను తోకాడించే దాకా ఆగి వదిలాడు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం కూడా అందుకేనని, ఆ రోజుల్లో ఉప్పాడలో ఇంజన్ బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయని నాన్నగారు చెబితే, కెప్టెన్ అడిగి మరీ విన్నాడు.

కాబట్టి ఆ పూట వృథా అయిందని నేను అనడం లేదు. మీరు అమ్మింది అది కాదు అంటున్నాను.

మధ్యాహ్నానికి ఒడ్డుకు చేరాక టిప్పు ఇస్తూ, ధర గురించి కెప్టెన్‌ని అడిగాను. ఆయన మీకు వేసిన బిల్లు సగం రోజు ఇన్‌షోర్ ట్రిప్‌కి, 650 డాలర్లు. కాగితం చూపించాడు. మీరు మా కార్డు నుంచి తీసుకున్నది 1,800. వాతావరణం వల్ల మీకు వచ్చిన నష్టం ఇందులో ఎక్కడుంది? పైగా 1,150 డాలర్లు మీ దగ్గరే మిగిలాయి. దేవుడి చేతిలో ఉన్న గాలిని చూపించి మా డబ్బు ఉంచుకోవడం న్యాయం కాదు.

ఇంకొకటి. రశీదులో "ఫిషింగ్ లైసెన్స్ ఫీజు" అని తలకి 17 డాలర్ల చొప్పున ఎనిమిది మందికి 136 డాలర్లు వేశారు. ఫ్లోరిడాలో చార్టర్ బోటుకు ఉండే లైసెన్సు కిందే ప్రయాణికులంతా వస్తారు, విడివిడిగా ఎవరూ కొనక్కర్లేదు. పదహారేళ్ళ లోపు పిల్లలకు అసలు లైసెన్సే అవసరం లేదు. మా ఐదేళ్ళ బాబు పేరు మీద మీరు ఏ లైసెన్సు కొన్నారో దాని కాపీ పంపండి. ఎనిమిదింటికీ పంపండి. రేవులో ఆగిపోయిన మా అమ్మదీ, నా భార్యదీ కూడా.

మీ బ్రోచర్ మొదటి పేజీలో రెడ్ స్నాపర్ అనే చేపని పట్టుకుని నవ్వుతున్న కుటుంబం ఫొటో ఉంది, కింద "పట్టిన చేపంతా మీదే" అని ఉంది. అట్లాంటిక్ వైపు ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ అధీనంలోని) జలాల్లో సరదా వేటగాళ్ళు రెడ్ స్నాపర్ ఉంచుకోవడానికి 2024లో ఇచ్చింది ఒక్క రోజు, జులై 12. మనిషికి ఒక్క చేప. మే నెలలో ఆ బొమ్మ చూపించి ట్రిప్పులు అమ్మితే, తెలియని వాళ్ళు ఆ చేపని ఐస్ పెట్టెలో వేసుకుని జరిమానా కట్టాల్సి వస్తుంది. ఆ బొమ్మ తీసేయండి, లేదా కింద నిబంధన రాయండి.

నాన్నగారు జూన్ మొదట్లో కాకినాడ వెళ్ళిపోయారు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, మళ్ళీ అంత దూరం విమానంలో వస్తారన్న నమ్మకం నాకు లేదు. మీరు ఇస్తానన్న వంద డాలర్ల కూపన్ ఆయనకు ఎందుకు పనికొస్తుందో నాకు అర్థం కాలేదు. కెప్టెన్ ఇచ్చిన రెండు తేదీల్లో ఏదో ఒకటి మీరు ఒక్క మెసేజ్‌తో మాకు చెప్పి ఉంటే సరిపోయేది.

నేను కోరేది ఇది. ట్రిప్ తేడా 1,150, లైసెన్సుల పేరుతో తీసుకున్న 136, మొత్తం 1,286 డాలర్లు నేను కట్టిన కార్డుకే తిరిగి జమ చేయండి. కూపన్ వద్దు. ఈ ఉత్తరం అందిన పది రోజుల్లో జమ కాకపోతే ఆ చార్జీ చెల్లదని బ్యాంకులో డిస్ప్యూట్ చేస్తాను, స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల గడువు ఇంకా దాటలేదు. ఫ్లోరిడా వ్యవసాయ, వినియోగదారుల సేవల శాఖకు కూడా రాస్తాను. ఈ రాష్ట్రంలో ప్రయాణాలు అమ్మేవాళ్ళు ఆ శాఖలో రిజిస్టర్ కావాలి, ఆ నంబరు ప్రకటనల మీదా ఒప్పందాల మీదా వేయాలి. మీ బ్రోచర్ మీదా మా రశీదు మీదా నాకు ఆ నంబరు కనిపించలేదు. ఉంటే జవాబులో తెలపండి.

డబ్బు కన్నా ముందు చేయాల్సింది మరొకటి ఉంది. మీ వాట్సాప్ గ్రూపులో వచ్చే శనివారం ట్రిప్‌కి అదే బోటు పేరుతో తొమ్మిది మంది పేర్లు చూశాను. అందులో ఇద్దరు చిన్నపిల్లలు, ఒక పెద్దావిడ. పోయినసారి మా అదృష్టం కొద్దీ కెప్టెన్ లెక్కపెట్టి ఆపాడు. అన్ని బోట్లలోనూ అలాంటి మనిషే ఉంటాడని లేదు. ఆ కుటుంబానికి ఈ రోజే ఫోన్ చేసి ఆరుగురికే చోటు ఉందని చెప్పండి. శుక్రవారం లోపు మీరు చెప్పకపోతే గ్రూపులో నేనే చెబుతాను.

జతపరచినవి: రశీదు, మీ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, కెప్టెన్ అనుమతితో తీసుకున్న ఆయన బిల్లు ఫొటో.

ఇట్లు,
మీ దగ్గర మే నెల ట్రిప్ బుక్ చేసుకున్న జాక్సన్‌విల్ నివాసి