రాత్రి పదింటికైనా డీజే ఆపించండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మా మనవరాలికి నాలుగేళ్లు. రాత్రి ఏడున్నరకు అన్నం, తర్వాత వేడినీళ్ల స్నానం. ఎనిమిదిన్నరకు లైటు ఆర్పి నా పక్కన పడుకుంటే ఏడు చేపల కథ. రోజూ అదే కథ. గడ్డిమేటు దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూతలు పడతాయి, చీమ దాకా వెళ్లిన రోజులు తక్కువ. ఈ అలవాటు కుదరడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు స్నానం అవగానే తనే దిండు తెచ్చుకుంటుంది.

మా వీధి వెనక ఫంక్షన్ హాలు వాళ్లు ఆరుబయట డీజే పెట్టిన రోజున ఇదంతా పోతుంది. మొన్న కిటికీ అద్దాలు అదిరిపోతుంటే పిల్ల చెవులు మూసుకుని "అమ్మమ్మా, కథ వినపడట్లేదు" అంది. పాటలు ఆగేసరికి పన్నెండు కావొచ్చింది. పొద్దున ఏడు నలభైకి స్కూలు వ్యాను. జడ వేస్తుంటే నా ఒళ్లోకే ఒరిగిపోయింది. సాయంత్రమంతా ఊరికే ఏడుపు, పేచీ.

మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని, పడుకునే వేళ, లేచే వేళ రోజూ ఒకేలా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఎదుగుదల హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే. ఫోన్లు చూపించి నిద్ర చెడగొట్టేది ఇంట్లోవాళ్లే కదా అంటారు కొందరు. అదీ నిజమే. అందుకే మా ఇంట్లో సాయంత్రం ఏడు దాటితే పిల్ల చేతికి ఫోన్ ఇవ్వం. కానీ బయటి మోతను మేమెలా ఆపగలం?

రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలే చెబుతున్నాయి. ఏడాదిలో 15 రోజులకు మించకుండా, ముందుగా ప్రకటించిన పండుగలు, సాంస్కృతిక వేడుకలకే ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. పరిమితి దాటి మోగే స్పీకర్లు, యాంప్లిఫయర్లు స్వాధీనం చేసుకునే ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2005లోనే రాష్ట్రాలను ఆదేశించింది.

100కి ఫోన్ చేశాం. పోలీసులు వచ్చి సౌండ్ తగ్గించి వెళ్లారు. పావుగంటకు మళ్లీ మొదలు. మర్నాడు హాలు మనుషులు మా గుమ్మం ముందుకొచ్చి "కంప్లైంట్ ఇచ్చింది మీరేనా?" అని అడిగారు.

ఫిర్యాదు చేసినవాళ్ల పేరు బయటపెట్టొద్దని, చెప్పినా వినకపోతే ఆ రాత్రే యాంప్లిఫయర్ పట్టుకెళ్లాలని అధికారులను కోరుతున్నాను. వచ్చే నెలంతా ముహూర్తాలే.

– ఒక అమ్మమ్మ, తెనాలి