అక్టోబరులో బయలుదేరండి

సిడ్నీ,
ఆదివారం.

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

నేను క్షేమంగా ఉన్నాను. ఉద్యోగం ఎప్పటిలాగే సాగుతున్నది, కాంట్రాక్టు మళ్లీ పొడిగించారు, ఆ దిగులు మీకు అక్కరలేదు. మొన్న ఫోనులో అమ్మ, "ఈ మోకాళ్లతో అంత దూరం వచ్చి నేను చూసేదేముంది?" అన్నప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

అమ్మా, ఈ నగరం అందమంతా నీటి మీదనే ఉన్నది, దాన్ని కూర్చునే చూడవచ్చు. సర్క్యులర్ కీ రేవులో మ్యాన్లీ అనే సముద్రతీరపు పేటకు వెళ్లే ఫెర్రీ ఎక్కితే, కదిలిన కాసేపటికే కుడివైపున ఒపేరా హౌస్ తెల్లని పైకప్పులు, వెనుదిరిగితే హార్బర్ బ్రిడ్జి, ఇంకొంచెం ముందుకు పోతే ఒకప్పుడు ఖైదీలను దించి వదిలిన చిన్న దీవి మీద కట్టిన ఫోర్ట్ డెనిసన్ కోట కనిపిస్తాయి. నార్త్ హెడ్, సౌత్ హెడ్ అనే రెండు కొండకొమ్ముల మధ్య నుంచి మహాసముద్రపు అలలు లోపలికి వచ్చే చోట పడవ కొంత ఊగుతుంది గాని, లోపలి వరుసలో కూర్చుంటే భయం ఉండదు. అరగంటలో మ్యాన్లీ చేరుతాము. సెలవు రోజుల్లో నేను తరచుగా ఈ ఫెర్రీలోనే వెళ్లి వస్తుంటాను. ఒక్కదాన్నే తిరుగుతున్నానని నీవు బాధపడవద్దు. గదిలో కూర్చుంటే పట్టుకునే దిగులు ఆ నీటి మీద నన్ను పట్టుకోదు, నిజం చెబుతున్నాను.

నాన్నగారూ, మీరు వంతెనల పనుల మీదనే సర్వీసంతా గడిపారు కాబట్టి హార్బర్ బ్రిడ్జిని మీతో కలిసి చూడాలన్నది నా కోరిక. 503 మీటర్ల ఆ ఉక్కు కమానును రెండు ఒడ్డుల నుంచీ ఒకేసారి కట్టుకుంటూ వచ్చి, సగం సగం కమానులు నీటిలోకి ఒరిగిపోకుండా వెనుక నుంచి ఇనుప తాళ్లతో బిగించి పట్టి, 1930 ఆగస్టులో మధ్యన కలిపారు. 1932 మార్చిలో ప్రారంభించే ముందు బరువు పరీక్ష కోసం దాని మీద 96 ఆవిరి రైలింజన్లను నిలిపారు. పనిలో 16 మంది చనిపోయారు. వంతెన గురించి చెప్పేవారు వారిని మరిచిపోకూడదని నా అభిప్రాయం. చివరల్లో ఉన్న ఎత్తయిన రాతి స్తంభాలు అందం కోసమే గాని కమాను బరువును మోయవని తెలిసినప్పుడు మొదట మీరే గుర్తుకు వచ్చారు. ఆగ్నేయ స్తంభంలో 200 మెట్లు ఎక్కితే ఈ కథంతా చూపే ప్రదర్శన ఉన్నది. కమాను మీదికే ఎక్కించే యాత్ర కూడా 1998 నుంచి నడుస్తున్నది గాని, మీ రక్తపోటుకు అది వద్దు. వంతెన మీది కాలిబాట చాలు, దానికి టిక్కెట్టు లేదు.

ఒపేరా హౌస్‌ను బయటి నుంచి చూసి వచ్చేస్తే చాలదు, లోపలికి వెళ్లాలి. డెన్మార్క్ వాస్తుశిల్పి యార్న్ ఉట్జోన్ 1957లో పోటీలో గెలిచి ఆ పని చేపట్టాడు. 70 లక్షల డాలర్ల అంచనా 10 కోట్ల 20 లక్షలకు పెరిగింది. ఖర్చులో అధికభాగం లాటరీల ద్వారా సమకూర్చారు. ప్రభుత్వంతో విభేదించి 1966లో వెళ్లిపోయిన ఆయన, 1973లో ప్రారంభమైన ఆ భవనాన్ని పూర్తయిన రూపంలో కళ్లారా చూడకుండానే 2008లో కన్నుమూశాడు. ఆ మెట్ల దగ్గర నిలబడినప్పుడల్లా నాకు ఈ సంగతే మనసులో మెదులుతుంది.

దాని పక్కనే 1816 నాటి బొటానిక్ గార్డెన్ ఉన్నది. ప్రవేశం ఉచితం, కూర్చోవడానికి బెంచీలు ఉన్నాయి, సాయంత్రాలు అక్కడ గడుపుదాము. టరోంగా జంతుప్రదర్శనశాల కొండవాలు మీద ఉన్నది. అది అమ్మకు కష్టం, మానేద్దాము.

అక్టోబరులో ఇక్కడ వసంతకాలం, ఎండ తీవ్రత ఉండదు. దక్షిణానికి తిరిగి వెళ్లే తిమింగలాలు పిల్లలతో సహా ఒక్కొక్కసారి నార్త్ హెడ్ మీద నుంచే కనిపిస్తాయి. నెలాఖరుకు జకరండా చెట్లు ఊదారంగులో పూస్తాయి. డబ్బు సంగతి ఎత్తవద్దు, అది నేను చూసుకుంటాను. నాన్నగారి పాస్‌పోర్టు గడువు దగ్గర పడినట్లు గుర్తు; ఈ వారమే దరఖాస్తు పెట్టించి, ఆ సంగతి నాకు తెలియజేయండి.

ఇట్లు,
మీ అమ్మాయి