యానిమేషన్‌కు సొంత సాధన ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

యానిమేషన్ నేర్చుకోవడానికి కాలేజీ అక్కర్లేదు, యూట్యూబ్ చాలన్న మాట ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. సాఫ్ట్‌వేర్ వరకు అది నిజమే. 2025లో ఆస్కార్ అందుకున్న లాత్వియా చిత్రం ‘ఫ్లో’ ఎవరైనా ఉచితంగా దించుకోగల బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లోనే తయారైంది. దాని దర్శకుడు గింట్స్ జిల్బాలోడిస్ ఈ విద్యను సొంతంగా నేర్చుకున్నవారే. అయితే మా అమ్మాయి ఏడాదిపాటు ఇంట్లో సాధన చేసి చూపించిన నడకలో బొమ్మ పాదం నేల మీద ఆనినట్టే ఉండి జారిపోయేది, ఒంటి బరువు ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి మారేది కాదు. లోపమెక్కడో తనకూ తెలియలేదు, నాకూ తెలియలేదు. చిత్రలేఖనం చెప్పే ఒక మాస్టారు, సెకనుకు 24 ఫ్రేములున్న ఆ నడకను ఒక్కో ఫ్రేము దగ్గర ఆపి చూసి, నడుము కదలకపోవడమే కారణమని పది నిమిషాల్లో తేల్చారు. వీడియో పాఠం మన పనిలోని తప్పును ఇలా పట్టి చెప్పలేదు.

అలాగని, భారీగా ఫీజు కట్టించుకుని మెనూల్లో బటన్లు మాత్రమే చూపించే శిక్షణ కేంద్రాలను సమర్థించలేను; అంతకుముందు మేము చేర్పించిన చోట ఆరు నెలల్లో ఒక్కసారైనా ఎదుట మనిషిని నిలబెట్టి బొమ్మ గీయించలేదు. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో యానిమేషన్ డిగ్రీ ఉంది. సొంతంగా నేర్చుకుంటున్న పిల్లల కోసం కూడా అక్కడ తక్కువ ఫీజుతో సాయంత్రపు డ్రాయింగ్ తరగతులు పెట్టి, వారి పనిని అధ్యాపకులు చూసి దిద్దే ఏర్పాటు చేయాలని కోరుతున్నాను.

— ఒక తండ్రి, వరంగల్