హ్యాండిల్ ఊగుతోందన్నావు కదా...

ఒరేయ్ మామా,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పింది విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. 80 దాటగానే హ్యాండిల్ ఊగుతోందంటావు, మళ్లీ శనివారం అదే బండి మీద బెంగళూరు వస్తానంటావు! పెనుకొండ దాటాక లారీల మధ్యలో అది ఊగిందనుకో, ఏం చేస్తావురా? ఈసారికి బుద్ధిగా బస్సెక్కి రా. ఇక్కడ మారతహళ్లిలో సాయంత్రం నుంచి వదలకుండా వాన, బయటికి కదిలే పని లేదు. అందుకే తీరిగ్గా కూర్చుని అన్నీ వివరంగా రాస్తున్నా.

మీ ఊరి మెకానిక్ ఫోర్కులు, అదే ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే గొట్టాలు, రెండూ మార్చెయ్యాలన్నాడన్నావు. అప్పుడే ఒప్పుకోకు. ఊగేది హ్యాండిలే అయినా రోగం ముందు వైపే ఉండాలని లేదు. మన చేతులు ఉండేది హ్యాండిల్ మీద కాబట్టి వెనక ఏం తేడా వచ్చినా ముందు అక్కడే తెలుస్తుంది. వేలు పోసి ఫోర్కులు మార్చాక కూడా బండి అలాగే ఊగితే ఎవరిని అడుగుతాం చెప్పు?

ముందు నాకు ఒకటి తేల్చి చెప్పు. ఎలా ఊగుతోంది? హ్యాండిల్ ఒక్కటే అటూ ఇటూ గబగబా కొట్టుకుంటోందా, లేక బండి మొత్తం మెల్లగా మెలికలు తిరుగుతోందా? మొదటిది వాబుల్. సెకనుకు 4 నుంచి 10 సార్లు కొట్టుకుంటుంది. దానికి ఎక్కువగా ముందు టైరో, కోన్ సెట్టో (హ్యాండిల్ తిరిగే మెడలో ఉండే బేరింగ్), బ్యాలెన్స్ తప్పిన చక్రమో కారణం. రెండోది వీవ్. సెకనుకు రెండు మూడు ఊపులే ఉంటాయి గానీ స్పీడు పెరిగేకొద్దీ ముదురుతుంది. అదైతే నేను వెనక నుంచే వెతకడం మొదలుపెడతా. ఇంకో సంగతి, తారు గీకి వదిలేసిన రోడ్డు మీద ఏ బండైనా కాస్త ఊగుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకు.

నువ్వు మాటల్లో అనేసి వదిలేశావు గానీ నా చెవిన పడింది. వెనక పెద్ద పెట్టె బిగించావట, అందులో లాప్‌టాప్, బట్టలు, అత్తమ్మ పంపే పచ్చళ్లు. మామా, నాకు మొదటి అనుమానం ఆ పెట్టె మీదే. వెనక ఇరుసు దాటి అవతల ఎంత బరువు పడితే ముందు చక్రం మీద అంత భారం తగ్గుతుంది. ముందు తేలికైతే హ్యాండిల్‌కి పట్టు ఉండదు. దానికి తోడు స్పీడులో గాలి ఆ పెట్టెను తోస్తుంది. రేపు పొద్దున్నే పెట్టె ఊడదీసి, ఊళ్లో ఖాళీ రోడ్డు చూసుకుని ఓ రౌండు తిరిగి రా. 80 దాకా పోవద్దు, 50, 60 చాలు. ఆ స్పీడులో ఊగకపోయినా, హ్యాండిల్ పట్టులో తేడా ఉంటే కొంత తెలుస్తుంది. ఒకసారికి ఒక్కటే మార్చు. అన్నీ ఒకేసారి కెలికితే ఏది బాగుచేసిందో ఎప్పటికీ తెలీదు.

దాని కన్నా ముందు గాలి. పెట్రోల్ బంకులో వేసిందే సరిగ్గా ఉందనుకోవద్దు. సొంత గేజ్ ఒకటి కొనుక్కో, బండి కదపకముందే టైరు చల్లగా ఉన్నప్పుడు చూడు. ఎంత ఉండాలో బండి పుస్తకంలో ఉంటుంది. ఇద్దరెక్కినప్పుడు వెనక ఎంతో విడిగా రాసి ఉంటుంది. అలాగే టైరు పక్కన గుండ్రటి గడిలో నాలుగంకెలు వెతుకు. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందని అర్థం. సెకండ్ హ్యాండ్ బండి కదా, గాట్లు బాగున్నాయని చూసి మోసపోకు. పాత టైరైతే రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. రిమ్ము అంచున టైరు మీద సన్నటి గీత ఒకటి చుట్టూ కనిపిస్తుంది. అది ఒకచోట లోపలికి దిగి, ఇంకోచోట పైకి తేలి ఉంటే పంక్చర్ వేసినవాడు టైరు సరిగ్గా కూర్చోబెట్టలేదన్నమాట.

ఇక కోన్ సెట్. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తా, ఎందుకంటే మా బావమరిది బండిలో దొరికింది ఇదే. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ కింద చెక్క పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపు. రెండు వేళ్లతో హ్యాండిల్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి నెమ్మదిగా తిప్పు. నూనె రాసినట్టు జారాలి. మా వాడి బండిలో సరిగ్గా మధ్యకి రాగానే టక్‌మని ఒకచోట కూర్చునేది, అక్కడి నుంచి కదలాలంటే చిన్న తోపు కావాలి. విప్పి చూస్తే కింది బేరింగ్ కప్పు మీద వరసగా గుంటలు పడి ఉన్నాయి, గోరుతో తడిమితే ఒక్కొక్కటీ తగిలింది. రోడ్డు మీద హ్యాండిల్ దాదాపు ఎప్పుడూ నేరుగానే ఉంటుంది కదా, ప్రతి గుంత దెబ్బా బేరింగ్ గోళీల మీదుగా అదే చోట పడుతుంది. బెంగళూరు గుంతల సంగతి నీకు నేను చెప్పాలా! పైగా వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ నీళ్లు లోపలికి పోయి గ్రీజంతా కడుక్కుపోతుంది.

చక్రం అలాగే గాల్లో ఉండగా ఫోర్కుల కింది చివర్లు పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగు. మెడ దగ్గర టక్ టక్ అంటే కోన్ సెట్ లూజు. బ్రేకు కొట్టినప్పుడు కూడా అదే చప్పుడు వినిపిస్తుంది. కొందరు ఆ చప్పుడు పోవాలని నట్టు బలం కొద్దీ బిగించేస్తారు. అది ఇంకా ప్రమాదం రా. బండి తనంతట తాను నేరుగా సర్దుకోలేదు, నెమ్మదిగా పోయేటప్పుడు కూడా తాగినట్టు తూలుతుంది. సరిగ్గా బిగించిన హ్యాండిల్‌ని మధ్య నుంచి కొంచెం తోస్తే చాలు, దాని బరువుకి అదే పక్కకి వాలిపోవాలి. కొత్తది వేయిస్తే కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూపించు, కప్పులు సర్దుకుని లూజవుతాయి. ఇక్కడ జేసీ రోడ్డులో సెట్టు దొరుకుతుంది. మోడలూ సంవత్సరమూ చెప్తే నేను తెచ్చి పెడతా.

మిగతావి తొందరగా చూసెయ్యొచ్చు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు, కదిలితే వీల్ బేరింగ్. చక్రం తిప్పి రిమ్ము పక్కలకి ఊగుతుందేమో చూడు, స్పోకుల మీద స్పానర్‌తో తట్టు, డల్‌గా మోగింది లూజు. ఫోర్కుల మీద నూనె జిడ్డుంటే ఆయిల్ సీలు పోయిందని. వెనక చైన్ అడ్జస్టర్ గీతలు రెండు పక్కలా సమానంగా ఉన్నాయో లేదో చూసుకో, వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే స్వింగ్ ఆర్మ్‌ని పక్కలకి లాగి చూడు. అక్కడ కదలిక ఉంటే దాని కీలులోని బుష్ అరిగిపోయింది. నువ్వు చెప్పేది వీవ్ అయితే నేను దాన్నే ముందు పట్టుకుంటా.

ఇవన్నీ చూసేలోపు ఎక్కడైనా బండి ఊగడం మొదలైతే హ్యాండిల్‌ని గట్టిగా బిగించి పట్టుకోకు, ముందు బ్రేకు అస్సలు కొట్టకు. మోకాళ్లతో ట్యాంకుని పట్టుకుని, ఒళ్లు కాస్త ముందుకి వంచి, యాక్సిలరేటర్ నెమ్మదిగా వదులు. చాలావరకు అదే సద్దుమణుగుతుంది.

రేపు పెట్టె తీసి తిరిగాక, రెండు టైర్లలో గాలి ఎంతుందో, టైర్ల మీద నాలుగంకెలేంటో ఫోటో తీసి పంపు. శనివారం మెజెస్టిక్‌లో దిగగానే ఫోన్ చెయ్, నేనే వచ్చి తీసుకెళ్తా. అత్తమ్మకి చెప్పు, పచ్చళ్లు మాత్రం మర్చిపోవద్దని.

నీ మామ