మందు మనిషిని బట్టి మారాలి. ఆ చదువు మన జిల్లాలకు రావాలి

సంపాదకుల గారికి,

ఈఏపీసెట్ ఫార్మసీ కౌన్సెలింగ్ దగ్గర పడేసరికి మాలాంటి లెక్చరర్లకు తల్లిదండ్రుల ఫోన్లు మొదలవుతాయి. "ఎంబీబీఎస్ సీటు రాలేదు మేడమ్, ఫార్మ్‌డీలో చేర్పిస్తే పిల్లకు దారి ఉంటుందా?" అన్నది పాత ప్రశ్న. ఈమధ్య దానికి ఇంకోటి తోడైంది: "ఫార్మకోజెనోమిక్స్ అని ఏదో చెబుతున్నారు, అది చదివితే ఉద్యోగం వస్తుందా?" నెల్లూరు, ప్రకాశం జిల్లాల పిల్లలకు పనికొచ్చే సంగతి కాబట్టి దీనికి జవాబు పత్రికాముఖంగా చెప్పడమే మేలనిపించింది.

ఒకే మందు, ఒకే మోతాదు. ఒకరికి గుణమిస్తుంది, పక్క మంచం మీది మనిషికి ఇవ్వదు, ఇంకొకరికి ప్రాణం మీదికి తెస్తుంది. వయసు, బరువు, మూత్రపిండాల పనితీరు, తోడుగా వాడే ఇతర మందులు దీనికి కారణం కావచ్చు. పుట్టుకతో వచ్చిన జన్యువుల్లోని తేడాలు కూడా కారణమే. ఆ తేడాలు చూసి మందునూ మోతాదునూ నిర్ణయించే శాస్త్రమే ఫార్మకోజెనోమిక్స్. గుండెకు స్టెంట్ వేశాక ఇచ్చే క్లోపిడోగ్రెల్ సంగతి చూడండి. మింగిన బిళ్ల నేరుగా పనిచేయదు. కాలేయంలో సీవైపీ2సీ19 అనే ఎంజైమ్ దాన్ని మార్చాకే రక్తం గడ్డకట్టకుండా ఆపగలుగుతుంది. ఆ ఎంజైమ్ సరిగా పనిచేయనివారు రోజూ బిళ్ల వేసుకుంటున్నా రావాల్సినంత రక్షణ రాదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010లోనే ఈ మందు మీద గట్టి హెచ్చరిక పెట్టించింది. ఇలాంటి జన్యువులున్నవారు దక్షిణాసియాలో తక్కువేమీ కాదు. మూర్ఛకు వాడే కార్బమజెపీన్ కొందరిలో ఒళ్లంతా పొక్కులు లేపి చర్మాన్ని ఊడగొడుతుంది. ఆ ముప్పును పెంచే జన్యువు ఉందో లేదో చూశాకే మందు మొదలుపెట్టడం సింగపూర్‌లో 2013 నుంచి పద్ధతిగా పాటిస్తున్నారు.

ఇది పరాయి దేశాల ముచ్చట అనుకోనక్కర్లేదు. మన ఊళ్లలో ఏ మత్తు డాక్టరుని అడిగినా 'స్కోలిన్' మాట చెబుతారు. ఆపరేషన్ ముందు గొంతులోకి గొట్టం వేయడానికి కండరాలను కాసేపు సడలించే మందు అది. రక్తంలోని బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని విడగొట్టేస్తుంది కాబట్టి మామూలుగా ఐదు పది నిమిషాల్లో రోగి మళ్లీ తనంతట తాను ఊపిరి తీసుకుంటాడు. ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి పుట్టుకతోనే ఆ ఎంజైమ్ ఉండదు. వాళ్లకు ఆ మందు ఇస్తే గంటల తరబడి ఊపిరి అందదు, వెంటిలేటర్ మీద పెట్టి కాపాడుకోవాలి. దీనికి మూలమైన జన్యు మార్పును శాస్త్రవేత్తలు 2006లో ప్రకటించారు. ఇది జబ్బు కాదు, రోజువారీ బతుకులో దీనివల్ల ఏ ఇబ్బందీ రాదు. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ అదే మార్పు అందినప్పుడే ఎంజైమ్ పూర్తిగా లేకుండా పోతుంది. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో అలా అందే అవకాశం పెరుగుతుంది. అనుభవమున్న డాక్టర్లు ఆపరేషన్‌కు ముందే "మీ ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చాక ఊపిరి ఆలస్యంగా వచ్చిందా?" అని అడుగుతారు. ఇంత ముఖ్యమైన జన్యు సమాచారం ఇప్పటికీ నోటిమాట మీదే నడుస్తోంది. ఆ కుటుంబాలకు పరీక్ష చేసి, ఫలితాన్ని అర్థమయ్యేలా చెప్పి, జేబులో పెట్టుకునే కార్డు చేతికిచ్చే మనుషులు కావాలి. వాళ్లను తయారుచేసే చదువు ఎక్కడుంది?

ఫార్మ్‌డీ మన దేశంలో 2008లో మొదలైంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఆరేళ్లు. అందులో ఈ విషయానికి దక్కింది ఐదో ఏడాది క్లినికల్ ఫార్మకోకైనెటిక్స్ (రోగి ఒంట్లో మందు ఎలా కదులుతుందో చెప్పే) పేపర్‌లో చివరి యూనిట్. చివరి యూనిట్ ఎలా పూర్తవుతుందో చదువు చెప్పేవాళ్లందరికీ తెలుసు. పిల్లల్లో తెలివికి కొదవ లేదు. వార్డు పోస్టింగ్‌లో మా విద్యార్థిని ఒకమ్మాయి ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ప్లాస్టిక్ కవర్ తెరిచి, సగం వాడిన మందుల షీట్లన్నీ దుప్పటి మీద వరసగా పేర్చింది. వేర్వేరు డాక్టర్ల చీటీలు తేదీల ప్రకారం సర్ది, ఒంటి మీద దద్దుర్లు ఏ బిళ్ల మొదలుపెట్టాక వచ్చాయో ఆయన భార్యతో మాట్లాడి రాబట్టింది. దుష్ఫలితాల ఫారం నింపి పంపాం. "ఇది జన్యువు వల్లనా మేడమ్?" అని ఆ అమ్మాయి అడిగితే, తేల్చి చెప్పే పరీక్ష ఏదీ మాకు అందుబాటులో లేదు.

ఇక ఉద్యోగాల సంగతి దాచకుండా చెప్పాలి. డిగ్రీ కాగానే 'ఫార్మకోజెనోమిక్స్ నిపుణుడు' అనే కుర్చీ ఎవరూ వేసి ఉంచరు. ప్రభుత్వాసుపత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్టు పోస్టే అరుదు. అందుకే మా పిల్లలు చాలామంది హైదరాబాద్, చెన్నై వెళ్లి మెడికల్ కోడింగ్‌లో, అంటే ఆసుపత్రి రికార్డులను బిల్లుల కోసం కోడ్‌లుగా మార్చే పనిలో చేరుతున్నారు. కొన్ని వారాల సర్టిఫికెట్‌తో ఉద్యోగం గ్యారంటీ అనే ప్రకటనలను నమ్మి డబ్బు కట్టవద్దని తల్లిదండ్రులకు నా మనవి. అయితే దారులు లేకపోలేదు. జన్యు పరీక్షల ల్యాబ్‌లలో నివేదికలు రాసేవాళ్లు, మందుల కంపెనీల్లో దుష్ఫలితాల సమాచారాన్ని విశ్లేషించేవాళ్లు, క్లినికల్ ట్రయల్స్ నడిపేవాళ్లు, జన్యు సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే బయోఇన్ఫర్మాటిక్స్ వాళ్లు, జన్యు పరీక్షల ఫలితాలను కుటుంబాలకు వివరించే జెనెటిక్ కౌన్సెలర్లు: వీళ్లందరికీ ఈ జ్ఞానం అన్నం పెడుతుంది. పరిశోధన మీద మనసున్నవారికి హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, నైపర్ అనే జాతీయ సంస్థలు ఉన్నాయి. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు కింద దేశంలోని 80కి పైగా జనసమూహాల నుంచి సుమారు 10,000 మంది జన్యుపటాలు 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. ఆ సమాచారాన్ని చదవగలిగేవాళ్లకు పని దొరుకుతుంది.

ఇక్కడే మన బైపీసీ పిల్లలకు అడ్డం పడేది గణాంకశాస్త్రం. పదో తరగతితో లెక్కలు వదిలేసినవారు ఫార్మసీ మొదటి ఏడాదిలో రెమెడియల్ మ్యాథ్స్ గట్టెక్కితే చాలనుకుంటారు. ఈ రంగంలో అది సరిపోదు. స్టాటిస్టిక్స్, కొంచెం పైథాన్ లేదా ఆర్ ప్రోగ్రామింగ్ మొదటి ఏడాది నుంచే పట్టుకోవాలి.

నేను అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. నెల్లూరు జిల్లా ఫార్మసీ కాలేజీలు ఎక్కువగా అనంతపురం జేఎన్‌టీయూ కింద, ప్రకాశంవి కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉన్నాయి. ఫార్మసీ సిలబస్ ఢిల్లీలో తయారవుతుంది. దాన్ని మార్చేదాకా ఆగనక్కర్లేదు. కాకుటూరులోని విక్రమ సింహపురి, ఒంగోలులోని ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయాలు రెండూ కలిసి ఒక ఏడాది పీజీ డిప్లొమా పెట్టవచ్చు. ఫార్మసీ, బయోటెక్నాలజీ, నర్సింగ్ చదివినవారినీ, పనిచేస్తున్న డాక్టర్లనూ అందులో చేర్చుకోవచ్చు. సగం చదువు నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల వార్డుల్లోనే జరగాలి. యంత్రాలు ఎక్కడివంటారా? కోవిడ్ కాలంలో ఆర్‌టీపీసీఆర్ ల్యాబ్‌లు ప్రతి జిల్లాకూ వచ్చాయి. అదే యంత్రం మీద వేరే కిట్‌తో క్లోపిడోగ్రెల్ జన్యు పరీక్ష చేయవచ్చు. కిట్లకు డబ్బు, నైతిక కమిటీ అనుమతి, రోగి సమ్మతి, జన్యు సమాచారం బయటకు పొక్కకుండా కట్టుదిట్టం కావాలి. వీటిని ఎలా అమర్చాలో నేర్పడం కూడా కోర్సులో భాగమే కావాలి.

రెండు జిల్లాల ప్రజాప్రతినిధులు, ఇద్దరు వైస్ ఛాన్సలర్లు, మెడికల్ కాలేజీల ప్రిన్సిపాళ్లు ఒకసారి కలిసి కూర్చోవాలని కోరుతున్నాను. ఆ సమావేశానికి మత్తు డాక్టర్లనూ, గుండె డాక్టర్లనూ తప్పక పిలవండి. ఏ మందుతో మొదలుపెట్టాలో వాళ్లే చెబుతారు. సిలబస్ ముసాయిదా రాసే పని అప్పగిస్తే నేనూ, నా తోటి అధ్యాపకులూ సెలవు రోజుల్లో వచ్చి చేసిపెడతాం.

ఇట్లు,
ఒక ఫార్మకాలజీ అధ్యాపకురాలు,
కావలి, నెల్లూరు జిల్లా