నాన్నా, అచ్చు మీద నీ పేరు

టోక్యో

నాన్నకు, అమ్మకు నమస్కారాలు.

నేను క్షేమం. భూమి కంపించిందని వార్తల్లో చూసి అమ్మ కంగారు పడిందట. అల్మారాలో గిన్నెలు కాస్త చప్పుడు చేశాయి, అంతే. వంట నేనే చేసుకుంటున్నాను. సన్నబడలేదు, ఫోనులో అలా కనిపిస్తానంతే. ఆఫీసు పని మామూలే.

నాన్నా, ఆదివారం పాతకాలపు చెక్క అచ్చు బొమ్మల ప్రదర్శనకు వెళ్లాను. టోక్యోను ఎడో అనే రోజుల్లో, 1857లో, హిరోషిగే అనే చిత్రకారుడు గీసిన బొమ్మ ఒకటి చూశాను. కాందా అనే పేటలోని అద్దకం వీధి అది. ఎత్తు నుంచి నీలం, తెలుపు గుడ్డలు బారుగా వేలాడుతున్నాయి. వెనక దూరంగా ఫుజీ కొండ. పెడనలో మన కాలవగట్టు మీద ఆరేసిన గుడ్డల్లాగే ఉంటే అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు.

మనం అచ్చును గుడ్డ మీదికి దించుతాం కదా. వీళ్లు చెక్కను వెల్లకిలా పెట్టి, కుంచెతో రంగు పూసి, పైన కాగితం పరిచి, వెదురు పొర చుట్టిన బిళ్లతో రుద్దుతారు. టేకు కాదు, చెర్రీ చెక్క. రంగుకో చెక్క, మనలాగే. రంగు పక్కకు జరగకుండా ప్రతి చెక్కకూ మూలన ఒక గాటు ఉంటుంది, కాగితం అంచు దానికి ఆనించాలి. నువ్వయితే ముందు ఆ గాటునే చూస్తావు.

హొకుసాయ్ అనే ఇంకో చిత్రకారుడి బొమ్మ ఒకదానిలో పీపాలు చేసే మనిషి పెద్ద పీపా లోపల దూరి చిత్రిక పడుతుంటాడు. అడుగులేని ఆ పీపాలోంచి ఫుజీ చిన్నగా కనిపిస్తుంది. అతని చూపు మాత్రం పని మీదే.

అద్దకం వీధి బొమ్మలో ముందున్న గుడ్డల మీద రెండు గుర్తులున్నాయి. ఒకటి బొమ్మను అచ్చు వేయించిన వ్యాపారిది, రెండోది హిరోషిగేది. చెక్కినవాడిది లేదు. నాకు కోపం వచ్చింది నాన్నా. ఆ సన్నటి గీతలను చెక్కలో నిలబెట్టింది అతనే కదా! నువ్వు చెక్కిన అచ్చులు ఎన్ని దుప్పట్ల మీద పడ్డాయి, ఎక్కడైనా నీ పేరుందా? ఇకనుంచి ప్రతి అచ్చుకూ పిడి దగ్గర నీ పేరు చెక్కు. గుడ్డ మీద పడదు కాబట్టి ఎవరూ ఏమీ అనరు. ఎవరు చూస్తారంటావేమో, నేను చూస్తాను.

భుజం నొప్పికి నూనె రాసి ఊరుకోవద్దు, బందరు వెళ్లి డాక్టరుకు చూపించు. డబ్బు పంపాను. అమ్మా, ఎప్పుడొస్తావని అడగకు, సెలవు దొరకగానే నేనే చెప్తాను. తమ్ముడు పరీక్షలు ఎలా రాశాడో రాయండి.

మీ అమ్మాయి