పాట 1983ది, మిక్స్ 1990ది

సంపాదకుడు గారికి,

ఒక గాయని ఎదుగుదల గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా పత్రికల సంగీత పేజీలూ ఎఫ్‌ఎం స్టేషన్లూ ఆమె హిట్ పాటల సంకలనాన్నే ముందు పెట్టుకుంటాయి. అమెరికన్ పాప్ గాయని మడోన్నా విషయంలో అది 1990 నవంబరులో వచ్చిన ‘ద ఇమాక్యులేట్ కలెక్షన్’. మొత్తం 17 పాటలు. ‘హాలిడే’తో మొదలై దాదాపు కాలక్రమంలోనే నడుస్తాయి కాబట్టి వరుసగా వింటే ఆమె ప్రయాణమంతా తెలిసిపోతుందనిపిస్తుంది. చిక్కల్లా పాత పాటల్లో చాలావాటిని 1990లో మళ్లీ మిక్స్ చేయడంతోనే, అంటే గొంతునీ వాద్యాలనీ కలిపే తీరు మార్చడంతోనే వచ్చింది.

మొదటి ఆల్బంలో ఆరు నిమిషాలు దాటే ‘హాలిడే’ ఇక్కడ నాలుగు నిమిషాలకే అయిపోతుంది. ఐదున్నర నిమిషాల ‘లక్కీ స్టార్’ నాలుగు కూడా నిండదు. అప్పటి సీడీలో పట్టేది 74 నిమిషాలు, కత్తెర తప్పదు, సరే. కానీ దానికితోడు క్యూసౌండ్ అనే పద్ధతి వాడారు. స్పీకర్లకు అవతలి నుంచి కూడా శబ్దం వస్తున్నట్టు చెవిని నమ్మించే పద్ధతి అది. రెండు స్పీకర్లకు సరిగ్గా ఎదురుగా కూర్చుంటేనే దాని పనితనం తెలుస్తుంది. ఒంటి స్పీకర్ ఫోన్లో సున్నా. ఇక ‘ఎక్స్‌ప్రెస్ యువర్‌సెల్ఫ్’ పూర్తిగా వేరే పాటలా ఉంటుంది. 1989 ఆల్బంలో బాకాలు ముందుండి నడిపించే పాట అది, సంకలనంలో ఉన్నది షెప్ పెటిబోన్ చేసిన క్లబ్ రీమిక్స్. దాన్ని విని ‘1989లో ఆమె శైలి’ అని రాస్తే తప్పు రాసినట్టే.

ఎంపిక సంగతి ఇంకా విచిత్రం. 1987లో అమెరికా హిట్ పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరిన ‘హూజ్ దట్ గర్ల్’ ఇందులో లేదు, అక్కడ 16వ స్థానం దాటి పైకి రాని ‘హాలిడే’ ఉంది. 20వ స్థానంలో ఆగిన ‘ఓ ఫాదర్’కు చోటు దొరకలేదు, అది 1995లో నెమ్మది పాటల సంకలనంలోకి వచ్చింది. తండ్రి మీద కోపాన్నీ జాలినీ ఒకే గొంతులో పలికించిన ఆ పాట లేకుండా ఎదుగుదల గురించి ఏం మాట్లాడతాం? తొలి రెండు ఆల్బంల సన్నని గొంతు 1986లో ‘లివ్ టు టెల్’ నాటికి కింది స్థాయికి దిగడం మాత్రం సంకలనంలోనూ వినిపిస్తుంది, అది ఒప్పుకోవాలి. అదే ఏడాది ‘ట్రూ బ్లూ’ ఆల్బంలో ప్రతి పాటకూ రచనలో, నిర్మాణంలో ఆమె చేయి ఉంది. సంకలనం విన్నంత మాత్రాన అది తెలియదు.

ప్రతి రికార్డింగుకూ ఐఎస్‌ఆర్‌సీ అనే గుర్తింపు కోడ్ ఉంటుంది, అక్షరాలూ అంకెలూ కలిపి 12. రీమిక్స్‌కూ, కుదించిన ఎడిట్‌కూ కొత్త కోడ్ ఇవ్వాలన్నది నియమం. కాబట్టి ఏ పాట ఏ రూపమో కంపెనీల దగ్గర లెక్క ఉండాల్సిందే, వినేవాడికి చూపించడమే లేదు. మన పాత సినిమా పాటలకూ ఇదే గతి: సినిమా వచ్చిన ఏడాది పోయి సంకలనం ఎక్కించిన ఏడాది కనబడుతుంది. స్ట్రీమింగ్ యాప్‌లు అసలు రికార్డింగ్ ఏడాదినీ, మిక్స్ ఏడాదినీ వేర్వేరుగా చూపాలి.

అంతవరకు పాఠకులు నిడివి సరిపోల్చుకోవచ్చు. పదిహేను సెకన్లకు మించి తేడా వస్తే అది వేరే ఎడిట్ అయివుండొచ్చని అనుమానించి మూల ఆల్బం వెతకండి. మీ సమీక్షల కింద కూడా ఒక్క లైను వేయండి: ఆల్బం పేరు, ఏడాది, నిడివి, రీమిక్స్ అయితే చేసినవారి పేరు.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ